పాత స్టూడియో ఫోటో అట్ట ఊడదీసి పారేశారు, మా ముత్తవ్వకి తెల్లచీర కట్టేశారు

బురుజుపేట_మనవడు
మా ముత్తాత, ముత్తవ్వలది ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఆయన కుర్చీలో కూర్చున్నారు, ఆవిడ పక్కన నిలబడ్డారు. మందపాటి అట్టకి అతికించి ఉండేది. అట్ట కింద బంగారు అక్షరాలు, వెనకాల పెద్ద డిజైనుతో ఏదో అచ్చు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా ఆ స్టూడియో పేరు చదివి గుర్తుపెట్టుకోలేదు. చెమ్మ పట్టి అంచులు లేస్తున్నాయని పోయిన నెల ఒక షాపులో ఇచ్చాను. బాగుచేసి, రంగులు వేసి, పెద్దది చేసి ఇస్తామన్నారు. తీరా చూస్తే అసలు ఫోటోని అట్ట నుంచి ఊడదీసేశారు. ఒక మూల చిరిగింది. అట్ట ఏదంటే "పాడైపోయింది సార్, పారేశాం" అన్నారు.

అంతకంటే బాధ ఇంకోటి. కొత్త పటంలో ముత్తవ్వకి తెల్లచీర, నల్ల అంచు వేశారు. మా మామ్మకి 88 ఏళ్లు, ముత్తవ్వ ఆవిడకి అత్తగారు. పటం చేతిలో పెట్టగానే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అత్తగారు పుణ్యస్త్రీగా పోయారు నాయనా, ఆవిడకి ఈ తెల్లచీర ఎవరు కట్టారు?" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అట్ట లేకుండా ఫోటో ఏ కాలానిదో తెలుస్తుందా? చీర అసలు రంగు తెలుసుకునే దారి ఉందా? అదే ట్రంకు పెట్టెలో తలపాగా, మెడలో హారాలతో ఒక జమీందారు గారి చిన్న ఫోటో కూడా ఉంది. మా ముత్తాతకి స్నేహితుడని ఇంట్లో అంటారు. దాని సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార_చందు
అసలు ఫోటో మీ దగ్గరే ఉంది కదన్నా. అట్ట పోతే పోయింది, దాని మీద ఉండేది స్టూడియో వాళ్ల అడ్వర్టైజ్‌మెంటే. మంచి రిజల్యూషన్‌తో స్కాన్ చేయించి వేరేచోట రంగులు వేయించండి. టెన్షన్ పడకండి.

లంగరు_రేవు
చందూ, ఆ అడ్వర్టైజ్‌మెంటే సగం ఫోటో. స్టూడియో పేరు, వీధి, గెలుచుకున్న పతకాలు, ఏ రాజుగారి కొలువులో ఫోటోగ్రాఫరో, "నెగటివ్ మా దగ్గర భద్రంగా ఉంది, ఎప్పుడు కావాలన్నా కాపీలు ఇస్తాం" అన్న మాట, ఒక్కోసారి చేత్తో రాసిన నంబరు, అన్నీ ఆ అట్ట మీదే ఉండేవి. స్టూడియో వీధి మారినా, బిరుదు వచ్చినా కొత్త అట్ట కొట్టించేవారు. ఆ రోజుల్లో పేరుమోసిన ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ సంగతే చూడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకి 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. 1897లో విక్టోరియా రాణి వారంటు, అంటే రాణిగారి ఫోటోగ్రాఫరు అన్న నియామకం వచ్చింది. ఆ మాటలు అట్ట మీద ఉంటే ఫోటో ఆ ఏడాదికి ముందుది కాదని తేలిపోతుంది. ముఖాలు చూసి ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

దువ్వాడ_లక్ష్మి
పారేశాం అంటే నమ్మి ఊరుకోకండి తమ్ముడూ. రేపు పొద్దున్నే షాపు తీసే వేళకి వెళ్లండి. గట్టి అట్ట కాబట్టి ఏ ఫ్రేము వెనకో దన్నుగా పెట్టి ఉంటారు. గొడవ పడొద్దు, మామ్మగారి మాట చెప్పి అడగండి.

గాజుపలక
మనవడు గారూ, నాలుగు విషయాలు చూసి చెప్పండి. ఫోటో కొలత అంగుళాల్లో ఎంత? అట్ట ఊడాక కాగితం దానంతటదే చుట్టుకుంటోందా? రంగు నలుపు తెలుపా, లేక బెల్లం పాకంలా గోధుమ, పసుపు కలిసి ఉందా? భూతద్దంతో చూస్తే కాగితం పీచు కనిపిస్తోందా?

బురుజుపేట_మనవడు
దాదాపు 4 అంగుళాల వెడల్పు, ఐదున్నర పొడవు. ఉల్లిపొర కాగితంలా పల్చగా ఉంది, వదిలేస్తే చాపలా చుట్టుకుపోతోంది. రంగు బెల్లం పాకమే, సరిగ్గా చెప్పారు. భూతద్దంలో సన్నటి పీచు కనిపిస్తోంది, పైన బీటల్లాంటి గీతలున్నాయి. లక్ష్మక్కా, రేపు వెళ్తాను.

గాజుపలక
అయితే అది ఆల్బుమెన్ ప్రింటు. గుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి గిలక్కొట్టి, తేర్చి, పల్చటి కాగితానికి పూసేవారు. తర్వాత సిల్వర్ నైట్రేట్ మీద తేలించి ఆరబెట్టి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దానంతటదే తేలేది. 1850లో ఫ్రాన్సులో మొదలైంది ఈ పద్ధతి. కాగితం అంత పల్చన కాబట్టే అట్టకి అతికించక తప్పేది కాదు. ఇప్పుడు దాన్ని బలవంతంగా సాపు చేయకండి, పై పొర పగులుతుంది.

మీరు చెప్పిన కొలత క్యాబినెట్ కార్డుది. అట్టతో కలిపి నాలుగుంపావు ఇంటూ ఆరున్నర అంగుళాలు, 1866 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. జమీందారు గారి చిన్న ఫోటో అట్టతో సహా రెండున్నర ఇంటూ నాలుగు ఉంటే అది కార్ట్ దె విజిట్, విజిటింగ్ కార్డంత ఫోటో. పారిస్‌లో డిస్డెరి అనే ఫోటోగ్రాఫరు 1854లో పేటెంటు తీసుకున్నాడు. ఒకే గాజు పలక మీద చిన్న బొమ్మలు వరసగా తీసి కత్తిరించేవాళ్లు కాబట్టి ఖరీదు బాగా తగ్గింది. ఫోటో దిగడం అనేది రాజుల నుంచి గుమాస్తాల దాకా వచ్చింది దీనితోనే.

అనకాపల్లి_బెల్లం
ఆగండాగండి, గుడ్డా? మా బామ్మ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. పూజగదిలో వాళ్ల తాతగారి ఫోటో ఉంది, అచ్చం ఇదే బెల్లం రంగు. రోజూ గంధం పెట్టి దండం పెడుతుంది. నేను మాత్రం ఆవిడకి చెప్పను.

గాజుపలక
చెప్పకండి. జర్మనీలో డ్రెస్డెన్ ఫ్యాక్టరీ ఒక్కటే ఈ కాగితానికి రోజుకి 60 వేల గుడ్ల తెల్లసొన వాడేది. పచ్చసొన తోళ్లు ఊనేవాళ్లకీ, కేకులు చేసేవాళ్లకీ అమ్మేసేవారు.

పూర్ణామార్కెట్_టచప్
నేను 1974 నుంచి 2003 దాకా స్టూడియోల్లో టచింగ్ పని చేశాను. ఈ మనవడు బాబు రాసింది చదివి మనసు పాడైంది. ఆ కుర్రాళ్లకి ఎవరూ నేర్పలేదు, అంతే. మా గురువుగారు మొదటిరోజే చెప్పారు, అతికించిన ఫోటోని ఊడదీయకు, గాజుకి అంటుకున్న ఫోటోని లాగకు. గాజుతో సహా కాపీ తీయాలి.

టచింగ్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకి తెలీదు. నెగటివ్‌ని వాలు బల్ల మీద పెట్టి, కింద అద్దంతో వెలుతురు కొట్టించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్క చుక్కగా మొహం మీద మచ్చలు మూసేవాళ్లం. నెగటివ్‌లో మచ్చ ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో తెల్లబడుతుంది. ఎక్కువైతే మనిషి మైనపు బొమ్మైపోతాడు. స్ఫోటకపు మచ్చలు మాత్రం కొన్ని వదిలేయమనేవారు మా గురువుగారు, లేకపోతే "ఇది మా నాన్న కాదు" అంటారని.

బాబూ, ఒకటి చూడు. ముత్తవ్వగారి పాదాల వెనక, చీర కుచ్చిళ్ల పక్కన నేల మీద ఇనప కాళ్లేమైనా కనిపిస్తున్నాయా?

బురుజుపేట_మనవడు
సార్! ఉన్నాయి. ఇన్నాళ్లూ కుర్చీ కాళ్లనుకున్నాను. ఆవిడ మడమల వెనక వంపు తిరిగిన ఇనప కాళ్లు రెండు ఉన్నాయి. కుర్చీకీ వాటికీ సంబంధం లేదు.

పూర్ణామార్కెట్_టచప్
అదే తల పట్టే స్టాండు. నిలబడ్డవాళ్ల వెనక పెట్టి, మెడ వెనక రెండు కొమ్మల కొక్కెం తగిలించేవారు. తల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. నేను వాడలేదు, కానీ మా పాత స్టూడియో అటక మీద ఒకటి తుప్పు పట్టి ఉండేది, అది చూపించి చెప్పారు మాకు. ఫోటోలో మీ ముత్తవ్వగారు అంత నిటారుగా ఉండటానికి కారణం అదే.

భీమిలి_గాలి
అందుకే పాత ఫోటోల్లో ఒక్కరూ నవ్వరు. మెడకి ఇనుము తగిలించి, నిమిషాల తరబడి నిలబెడితే నవ్వెక్కడొస్తుంది.

లంగరు_రేవు
నిమిషాలు కాదండీ. 1839లో ఫ్రాన్సులో డాగెర్ అనే ఆయన పద్ధతి కొత్తల్లో నిమిషాలు పట్టేది. వెట్ ప్లేటు, అంటే మందు తడి ఆరకముందే వాడే గాజు పలక వచ్చాక కొన్ని సెకన్లు, 1880ల్లో ముందే మందు పూసి ఆరబెట్టిన డ్రై ప్లేటు వచ్చాక సెకను, ఇంకా తక్కువ. అయినా 1910లో కూడా ఎవరూ నవ్వలేదు. ఫోటో దిగడమంటే సభలో కూర్చున్నట్టు, జీవితంలో ఒక్కసారి దొరికే గౌరవం. ఫ్రెడరిక్ డగ్లస్ అని బానిసత్వం నుంచి తప్పించుకుని, దానికి వ్యతిరేకంగా పోరాడిన అమెరికా నాయకుడున్నాడు. 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగింది ఆయనే, 160 దాకా తేలాయి. నల్లవాళ్లని పళ్లికిలించే బొమ్మలుగా గీసే రోజులు కాబట్టి పట్టుబట్టి గంభీరంగా కూర్చునేవాడు. ఆ ముఖం ఆయన కావాలని ఎంచుకున్నది.

భీమిలి_గాలి
ఆయన సంగతి ఒప్పుకుంటాను. మన ముత్తవ్వల సంగతి వేరు. పధ్నాలుగేళ్ల పిల్లని నల్లగుడ్డ కప్పుకున్న మగవాడి ముందు నిలబెడితే భయం కాక ఇంకేముంటుంది? ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్లో మొన్నమొన్నటి దాకా అనేవారు.

మహారాణిపేట_సుధ
గాలి గారు చెప్పిన భయం నిజమే. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం విడిగా జెనానా స్టూడియో పెట్టింది అందుకే. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ దాన్ని నడిపేది, లోపలికి మగవాళ్లకి ప్రవేశం లేదు. పరదాలో ఉండే స్త్రీల మొహాలు మనకి మిగిలాయంటే కెమెరా వెనక ఆడమనిషి ఉండబట్టే. మన వైపు అలాంటి వసతి లేదు కాబట్టి మీ ముత్తవ్వగారు అలా మద్రాసో మరోచోటో వెళ్లి, పరాయి మగవాడి ముందు నిలబడటం చిన్న సంగతి కాదు. వాళ్లు ఎక్కడ దిగారో ఇంట్లో ఏమైనా చెప్పుకుంటారా?

బురుజుపేట_మనవడు
మామ్మని అడిగాను. మద్రాసే అంటోంది. ముత్తాత ఏదో పరీక్షకి వెళ్తూ కొత్త పెళ్లికూతుర్ని కూడా తీసుకెళ్లారట. గోదావరి వంతెన మీదకి రైలు రాగానే ఆవిడ భయపడి కళ్లు మూసుకుని, చేతిలో ఉన్న కానులన్నీ నీళ్లలో వేసేసిందట. ముసలైపోయాక కూడా ఆ మాట చెప్పి నవ్వేదట.

లంగరు_రేవు
ఇంతకంటే మంచి ఆధారం ఏం కావాలి? గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెన తెరిచింది 1900లో. అంతకుముందు మన విశాఖ నుంచి మద్రాసు వెళ్లాలంటే ఓడ ఎక్కాలి, లేదా గోదావరి పడవలో దాటాలి. అంటే ఫోటో 1900 తర్వాతది. ఆల్బుమెన్ కాగితం అప్పటికే వెనకబడుతోంది కాబట్టి మరీ తర్వాతిదీ కాదు. నా లెక్క 1900కీ 1910కీ మధ్య.

రాజమండ్రి_అల్లుడు
గోదావరి మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. అల్లూరి సీతారామరాజు గారి నాన్నగారు వెంకటరామరాజు గారు వృత్తికి ఫోటోగ్రాఫరు. రాజమండ్రి సెంట్రల్ జైలుకి ఆయనే ఫోటోలు తీసేవారు. సీతారామరాజు గారు పుట్టింది 1897లో మన భీమిలి దగ్గర పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్లో. ఆ ఇంట్లో ఆ పిల్లాడు గాజు పలకలూ మందుల వాసనా మధ్య పెరిగి ఉంటాడని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

భీమిలి_గాలి
పాండ్రంగి మాకు పక్కనే, ఈ సంగతి ఇప్పుడే వింటున్నా. థాంక్స్ అన్నా.

సీతమ్మధార_చందు
ఇంతకీ చీర రంగు? నలుపు తెలుపు ఫోటోలో రంగు ఉండదు కదా. కంప్యూటర్ కూడా ఊహించే వేస్తుంది.

గాజుపలక
దానికే వస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి. ఆ కాలపు మామూలు గాజు ప్లేటు మన కన్నులా చూడదు. దానికి నీలం వెలుగు బాగా అందుతుంది, పసుపు కొద్దిగా, ఎరుపు అసలు అందదు. చీకటిగదిలో ఎర్రలైటు వేసుకుని పని చేయగలిగింది అందుకే. పాత సముద్రపు ఫోటోల్లో ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండటానికీ కారణం అదే. అన్ని రంగులూ చూడగల పాంక్రోమాటిక్ ప్లేట్లు అమ్మకానికి వచ్చింది 1906లో, స్టూడియోలన్నీ వాటికి మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

అంటే ఏమైంది? కుంకుమ నల్లగా పడింది. ఎర్రచీర నల్లచీర అయింది. పసుపు పూసిన పాదాలు మురికిగా కనిపించాయి. లేత నీలం చీర తెల్లగా పడింది. మీ షాపువాళ్ల కంప్యూటరు ఆ తెలుపుని తెలుపే అనుకుంది, నలుపుని నలుపే అనుకుంది. మనవడు గారూ, ముత్తవ్వగారి నుదురు భూతద్దంతో చూసి చెప్పండి.

బురుజుపేట_మనవడు
కాసు అంత నల్లటి గుండ్రటి బొట్టు ఉంది. ఇన్నేళ్లూ కాగితం మీద మరకనుకున్నాను. చేతులు వణుకుతున్నాయి టైపు చేస్తుంటే. మామ్మకి చూపించాను. "అదీ, అదీ మా అత్తగారి బొట్టు" అంది.

దువ్వాడ_లక్ష్మి
నాకు ఏడుపొచ్చేసింది.

మహారాణిపేట_సుధ
గాజుపలక గారి లెక్క సరే, కానీ తెల్లచీర, ముదురు అంచు అంటే నాకు మొదట తట్టేది మధుపర్కాలు. కొత్త పెళ్లికూతురు అంటున్నారు. తెల్ల నేత, ఎర్ర అంచు. ఎరుపు నల్లగా పడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. అప్పుడు తెలుపు నిజంగా తెలుపే, అంచు ఒక్కటే తప్పు.

పూర్ణామార్కెట్_టచప్
అమ్మా, మధుపర్కాలు పీటల మీద కట్టుకునేవి. రైలెక్కి మద్రాసు వెళ్లి, డబ్బులు పోసి ఫోటో దిగేటప్పుడు ఇంట్లో ఉన్న మంచి పట్టుచీర కట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చిన కొత్త జంటలెవరూ మధుపర్కాలతో రాలేదు.

మహారాణిపేట_సుధ
మీరు చెప్పేది 1974 తర్వాత జంటల గురించి. 1905లో ఏం కట్టుకున్నారో మనలో ఎవరం చూశాం? మడతలు చూడాలి. పట్టు అయితే వెలుగు పడిన చోట మెరుస్తుంది, నూలు అయితే మెరవదు.

బురుజుపేట_మనవడు
కుచ్చిళ్ల మీద నిలువునా మెరుపు గీతలున్నాయి మేడమ్. మామ్మని చీర గురించి ఇంకా అడగలేదు, పడుకుంది.

మహారాణిపేట_సుధ
అయితే పట్టే. నేను ఒక మెట్టు దిగుతాను. మామ్మగారు లేచాక అడగండి.

లంగరు_రేవు
ఈలోపు జమీందారు గారి కార్డు సంగతి. మనసు నొచ్చుకోవద్దు. చిన్న కార్డు ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆయన మీ ముత్తాతకి స్నేహితుడని చెప్పలేం. ప్రముఖుల కార్డులు అంగట్లో అమ్మేవారు. 1860లో లండన్‌లో మేయల్ అనే ఫోటోగ్రాఫరు విక్టోరియా రాణి కుటుంబం కార్డులు విడుదల చేస్తే లక్షల్లో అమ్ముడుపోయాయి. జనం రాణిని, కవులని, నటీమణులని కొనుక్కుని సొంత చుట్టాల పక్కన ఆల్బంలో పెట్టుకునేవారు. ఫోటోగ్రాఫర్లకి కూడా అదే పెట్టుబడి. న్యూయార్క్‌లో బ్రాడీ, పారిస్‌లో నాడార్ పెద్దవాళ్లని పిలిచి మరీ కూర్చోబెట్టుకునేవాళ్లు. ఫ్రెంచి నటి సారా బెర్న్‌హార్ట్ ఇంకా పేరు రాకముందు, 1864 ప్రాంతంలో నాడార్ ముందు కూర్చుంది. 1860 ఫిబ్రవరి 27న బ్రాడీ లింకన్‌ని తీశాడు. మెడ మరీ పొడుగ్గా కనిపిస్తోందని కాలరు పైకి లాగాడు. ఆ బొమ్మ ఎన్నికల్లో ఊరూరా తిరిగింది.

రాజమండ్రి_అల్లుడు
లండన్ లెక్క ఇక్కడ పనికిరాదు లంగరు గారూ. మన జమీందార్లు తమ ఫోటోని దివాణం ఉద్యోగులకీ, పండితులకీ, వచ్చిన అతిథులకీ బహుమానంగా ఇచ్చేవారు. మా మావగారింట్లో ఒక కార్డు వెనక "ఫలానా వారికి" అని సిరాతో రాసి ఉంది. గుమాస్తాకి రాజుగారు ఫోటో ఇవ్వడంలో వింతేం లేదు.

లంగరు_రేవు
చేతిరాత ఉంటే నేను వెంటనే ఒప్పుకుంటాను. మనవడు గారి కార్డు వెనక ఏముంది?

బురుజుపేట_మనవడు
ఖాళీ. ఒక మూల పెన్సిల్‌తో "6" అని ఉంది.

లంగరు_రేవు
విజయనగరం కోటలో, మన పాత పత్రికల్లో పెద్దల చిత్రాలు ఉన్నాయి, పోల్చి చూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆనంద గజపతి మహారాజు గారు 1897లో పోయారు, ఇది ఆయనే అయితే బొమ్మ అంతకుముందు తీసినదై ఉండాలి. తలపాగా ఒక్కటీ చూసి పేరు పెట్టేయొద్దు.

భీమిలి_గాలి
మన జమీందార్లకి అద్దాలంటే మొదటి నుంచీ ప్రేమే. గోడే జగ్గారావు గారు 1840లోనే డాబాగార్డెన్స్‌లో అబ్జర్వేటరీ కట్టించారు. దుర్భిణి తెప్పించుకున్నవాళ్లకి కెమెరా ఒక లెక్కా?

సీతమ్మధార_చందు
ప్రముఖుల ఫోటోలంటే నేను చదివినది ఒకటి. మన ఆర్కే బీచ్‌కి పేరిచ్చిన రామకృష్ణ పరమహంస గారిని 1881 డిసెంబరు 10న కలకత్తా రాధాబజారులో స్టూడియోకి తీసుకెళ్లారు. చెయ్యి స్తంభం మీద ఆనించి నిలబడ్డ ఫోటో అదే. గాజుకి మందు పూస్తేనే బొమ్మ నిలుస్తుందని చూసి, మనసుకి భక్తి పూత ఉంటేనే విన్న మాట నిలుస్తుందని తర్వాత చెప్పారట.

పూర్ణామార్కెట్_టచప్
బాగా చెప్పావు చందూ. స్టూడియో స్తంభాలు లోపల బోలుగా ఉంటాయి. నేనే రెండు తయారు చేశాను, గోనెగుడ్డ, మైదా జిగురు, పైన సున్నం. మైదా జిగురు అనగానే గుర్తొచ్చింది, ఆ పాత అట్టలకి కూడా పిండి జిగురే. పురుగులు తినేది ఫోటోని కాదు, దాన్ని. పెట్టెలో కలరా ఉండలు పడేస్తుంటారు, ఆ ఘాటు ఫోటోలకి మంచిది కాదు. పొడిగా ఉన్న గదిలో, గోడకి దూరంగా, నూలు కాగితంలో చుట్టి పెట్టండి. మన సముద్రపు గాలికి ఇనప బీరువా కూడా చెమర్చుతుంది.

దువ్వాడ_లక్ష్మి
తడి సంగతి నా దగ్గర వినండి. హుద్‌హుద్ తుఫానులో మా పైకప్పు రేకులు లేచిపోయాయి, 2014 అక్టోబరు 12 రాత్రి ఆల్బంలన్నీ నీళ్లలో నానాయి. పొద్దున్నే నేను చేసిన తప్పు, అంటుకున్నవాటిని ఒక్కొక్కటిగా లాగడం. మా అమ్మ పెళ్లి ఫోటోలో మొహం నాన్న చొక్కా వెనక అంటుకుపోయి వచ్చేసింది. అలా లాగకూడదట. కొత్తకాలం ఫోటోలైతే శుభ్రమైన నీళ్లలో ఉంచితే వాటంతటవే విడతాయట, తర్వాత బొమ్మ పైకి పెట్టి గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలట. గాజుపలక గారూ, కోడిగుడ్డు ఫోటోలకి కూడా ఇదేనా?

గాజుపలక
వాటిని నీళ్లలో వేయొద్దు లక్ష్మి గారూ, ఇంట్లో అసలు ప్రయత్నించవద్దు. అంటుకున్నది అంటుకున్నట్టే ఉంచి, తెలిసినవాళ్లకి ఇవ్వాలి.

అనకాపల్లి_బెల్లం
మా పెదనాన్నగారు స్టూడియో కొన్నప్పుడు గదినిండా గాజు నెగటివ్‌లు వచ్చాయట. వేడినీళ్లతో గీకేసి గాజుని పటాలు కట్టేవాళ్లకి అమ్మేశారు. ఎన్ని వందల మొహాలో. ఆయన చెడ్డవాడు కాదు, అప్పుడు అందరూ అలాగే చేసేవారు. ఇప్పటికీ ఆయన ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

బురుజుపేట_మనవడు
రెండు సంగతులు. షాపుకి వెళ్లాను. లక్ష్మక్క చెప్పినట్టే, అట్ట సగం ఇంకో ఫ్రేము వెనక దన్నుగా ఉంది. ఆ కుర్రాడే మేకులు తీసి ఇచ్చాడు, మామ్మ మాట విని చాలా బాధపడ్డాడు. బంగారు అక్షరాల్లో పేరున్న భాగం పోయింది. మిగిలింది "మౌంట్ రోడ్, మద్రాస్", వెనకాల ఒక నెగటివ్ నంబరు. మామ్మ చెప్పింది నిజమే.

రెండోది చీర. మామ్మని "అత్తగారి పెళ్లినాటి చీరలు నువ్వు చూశావా" అని అడిగితే లేచి వెళ్లి అటక మీంచి బొంత దింపించింది. మా నాన్న, అత్తలు అందరూ పడుకున్న బొంత. మధ్యలో ఒక ముక్క మీద వేలు పెట్టింది. లేత నీలం పట్టు, పక్కన రెండు వేళ్ల వెడల్పు ఎర్ర అంచు. నీలం చాలాచోట్ల వెలిసింది కానీ కుట్టు మడత విప్పి చూస్తే లోపల రంగు ఇంకా నిలిచి ఉంది. "చీర చిరిగాక మా అత్తగారే ముక్కలు కోసి నా చేత కుట్టించారు" అంది. ఇదే ఆ చీర అని ఎలా తేలుతుంది?

గాజుపలక
ఆ ముక్కని పగటి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోటో ఎడిటర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లు ఉంటాయి, నీలం ఛానెల్ ఒక్కటే ఉంచి నలుపు తెలుపులో చూడండి. పాత ప్లేటు దాదాపు అలాగే చూసేది.

సీతమ్మధార_చందు
ఫోటో నాకు పంపించండన్నా, నేను చేసి పెడతా.

సీతమ్మధార_చందు
చేశాను. నీలం తెల్లగా అయిపోయింది. ఎర్ర అంచు బొగ్గులా ఉంది. అంచు మీద మామిడి పిందెల వరస ఉంది చూశారా, పాత ఫోటోలో కుచ్చిళ్ల దగ్గర అంచు మీద అదే వరస. పిందె తోక ఎడమ వైపు తిరిగి ఉంది, రెండింట్లోనూ. నేను అట్ట పోతే పోయింది అన్నాను పైన. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మహారాణిపేట_సుధ
మధుపర్కం కాదు. ఓడిపోయినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

బురుజుపేట_మనవడు
మామ్మ పక్కనే కూర్చుని రెండు బొమ్మలూ చూస్తోంది. తోక చూపించాను. వేలితో తడుముతూ ఉంది.

పూర్ణామార్కెట్_టచప్
బాబూ, అసలు ఫోటో మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. కాపీ ఒకటి మ్యాట్ కాగితం మీద నలుపు తెలుపులో తీయించు, నేను చేత్తో రంగు వేస్తాను. కళ్లు ఇంకా పని చేస్తున్నాయి, బ్రష్షులున్నాయి. ఆదివారం పొద్దున్న రండి. బొంత కూడా తీసుకురండి, మడత లోపలి నీలం చూసి రంగు కలుపుతాను. మామ్మగారు రాగలిగితే ఆటోలో జాగ్రత్తగా తీసుకురండి. బొట్టు ఎంత ఎరుపో ఆవిడే చెప్పాలి.